సర్వేలో పార్టీ ఒక్కసారిగా లేచిందా, పడిందా? ముందు ఇవి చూడండి

ఎన్నికలు దగ్గరపడగానే సర్వే ఫొటో ఒకటి పంపి "గాలి మారిందంటారా?" అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. నేను తిరిగి అడిగేది మూడే ముక్కలు. ఎవరు చేశారు, ఏ తేదీల్లో జనం దగ్గరికి వెళ్లారు, దేనితో పోల్చి మారిందంటున్నారు? చాలామంది దగ్గర వీటికి జవాబు ఉండదు. ఫార్వర్డ్ చేసేముందు ఆ సంస్థ సొంత పేజీ తెరిచి చూసుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. అయినా ఎవరూ చూడరు.

శాంపిల్ అంటే ఏమిటో, ఓట్ల శాతం వేరు సీట్లు వేరని మీకు తెలుసనుకునే మొదలుపెడుతున్నాను.

లక్షణం: పోలింగ్ మధ్యలోనే "ఎగ్జిట్ పోల్" వచ్చింది

కారణం: అది నకిలీ, లేదా చట్టవిరుద్ధం. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 126ఎ ప్రకారం చివరి విడత పోలింగ్ ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్ ప్రచురించకూడదు. 2024లో ఆంధ్రప్రదేశ్ పోలింగ్ మే 13న అయింది, దేశంలో చివరి విడత జూన్ 1న. ఈ మధ్య రోజుల్లో టీవీ లోగోలతో తిరిగిన ఫొటోలను పోల్చి చూడడం, సగటు తీయడం దండగ పని. డిలీట్ చేయండి.

లక్షణం: ఒకే వారంలో వచ్చిన రెండు సర్వేలకు పొంతన లేదు

కారణం: చాలాసార్లు హారంలోనే, అంటే ఎంతమంది మీద శాతం కట్టారన్నదాంట్లోనే తేడా ఉంటుంది. ఒక సంస్థ "ఇంకా తేల్చుకోలేదు", "చెప్పను" అన్నవాళ్లను పట్టికలో ఉంచుతుంది. ఇంకో సంస్థ వాళ్లను తీసేసి మిగిలినవాళ్ల మీద శాతం కడుతుంది. ఒక పార్టీకి 38, ఎదుటి పార్టీకి 34, ఇతరులకు 10, చెప్పనివాళ్లు 18 అనుకోండి. ఆ 18 మందిని తీసేస్తే మొదటి పార్టీ 46 దాటుతుంది, రెండోది 41 దాటుతుంది. ఒక్క ఓటరూ కదల్లేదు, పార్టీ మాత్రం ఎనిమిది పాయింట్లు "పెరిగింది".

ఏం చేయాలి: అన్ని పార్టీల అంకెలూ, ఇతరులతో సహా కూడండి. 100 వస్తే తేల్చుకోనివాళ్లను తీసేశారని అర్థం. 82 వస్తే వాళ్లు ఇంకా ఉన్నారు. రెండింటినీ ఒకే పద్ధతికి తెచ్చాకే పోల్చండి. పొత్తు పేరుతో అడిగారా, పార్టీ పేరుతో అడిగారా అన్నదీ చూసుకోండి. పొత్తు ఖాయం కాకముందు చేసిన సర్వేని ఆ తర్వాతదాని పక్కన పెట్టి గీత గీయకూడదు.

లక్షణం: ఆధిక్యం 2 నుంచి 5కి పెరిగింది, టీవీలో ఒకటే హడావుడి

కారణం: ఏమీ లేదు. 2,000 మంది శాంపిల్‌కి ఒక పార్టీ అంకెలో ప్లస్ ఆర్ మైనస్ 2 పైచిలుకు పాయింట్ల పొరపాటుకు చోటు ఉంటుంది. రెండు పార్టీల మధ్య తేడా మీద అది దాదాపు 4 అవుతుంది. ఇలాంటి రెండు సర్వేల్లోని ఆధిక్యాలను పోల్చినప్పుడు 5 దాటుతుంది. ఇదంతా ఓటర్లను లాటరీ తీసినట్టు ఎంచుకున్నప్పటి లెక్క. మన సర్వేల్లో కొన్ని ఊళ్లు ఎంచుకుని, ఒక్కో ఊళ్లో పక్కపక్క ఇళ్లకే వెళ్తారు కాబట్టి అసలు పరిధి ఇంకా పెద్దది. ఆధిక్యం 2 నుంచి 5కి పోవడం ఈ పరిధిలోనే ఇమిడిపోతుంది. మూడో సర్వే వచ్చేదాకా ఆగండి.

"35 వేల మందిని అడిగాం, నియోజకవర్గాల వారీగా చెబుతున్నాం" అనేదాన్ని కూడా ఇలాగే తూచండి. ఆంధ్రప్రదేశ్‌లోని 175 నియోజకవర్గాలతో భాగిస్తే ఒక్కో చోట 200 మంది. అక్కడ ప్లస్ ఆర్ మైనస్ 7. ఆ అంకెతో హోరాహోరీ సీటు ఎవరిదో చెప్పలేం. జిల్లాల వారీ, కులాల వారీ పట్టికలకూ ఇదే జబ్బు.

లక్షణం: అదే సంస్థ, అదే ప్రశ్న, అంతే శాంపిల్. అయినా నెల తిరిగేసరికి 8, 9 పాయింట్ల తేడా

ఇక్కడ ఆగాలి. పైవన్నీ సరిచూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. మధ్యలో ఒక పెద్ద సంఘటన కూడా జరిగింది. ఒక నాయకుడి అరెస్టో, పొత్తు ప్రకటనో, టికెట్ల గొడవో. సంఘటనకీ అంకెకీ పొంతన కుదిరింది కాబట్టి అనుమానం రాదు. చేయి తిరిగినవాళ్లు కూడా బోల్తా పడేది ఈ ఒక్క చోటే.

కారణం: ఓటర్లు మారలేదు. సర్వేకి జవాబు చెప్పేవాళ్లు మారారు.

లెక్క వేసి చూద్దాం. ఊహకు ఒక రాష్ట్రం. క్రితం ఎన్నికల్లో 'క' పార్టీకి 46 శాతం, 'గ' పార్టీకి 40, మిగతావాళ్లకు 14 వచ్చాయి. ఇప్పుడు 'క' పార్టీ పాత ఓటర్లలో 85 శాతం అక్కడే ఉన్నారు, 10 శాతం 'గ' వైపు వెళ్లారు. 'గ' పార్టీ పాత ఓటర్లలో 90 శాతం నిలబడ్డారు, 5 శాతం 'క' వైపు వచ్చారు. మిగతావాళ్లలో చెరో వైపుకి 20 శాతం వస్తున్నారు. మొదటి సర్వేలో పాత ఓటర్లు ఎన్నికల ఫలితం పాళ్లలోనే దొరికారనుకోండి. అప్పుడు 'క' పార్టీకి 43.9, 'గ' పార్టీకి 43.4. నువ్వా నేనా అన్నట్టుంది.

నెల తర్వాత రెండో సర్వే. ఎవరి మనసూ మారలేదు. కానీ ఈసారి జవాబు చెప్పినవాళ్లలో 'క' పార్టీ పాత ఓటర్లు 40 శాతమే దొరికారు, 'గ' పార్టీవాళ్లు 46 దొరికారు. పై పాళ్లతోనే లెక్క కడితే 'క' పార్టీ 39.1, 'గ' పార్టీ 48.2. సమానంగా ఉన్న పోటీ 9 పాయింట్ల గాలి అయిపోయింది. ఒక్క ఓటరు కూడా గోడ దూకకుండానే.

ఇది ఎలా జరుగుతుందో క్షేత్రంలో తిరిగినవాళ్లకు తెలుసు. తన పార్టీకి మంచిరోజులు నడుస్తుంటే మామూలు సానుభూతిపరుడు కూడా సర్వే కుర్రాడిని కూర్చోబెట్టి మరీ మాట్లాడతాడు. అదే పార్టీ టీవీల్లో తిట్లు తింటున్న వారంలో "ఇప్పుడు పనుంది బాబూ, మళ్లీ రా" అంటాడు. అతని ఓటు ఎక్కడికీ పోలేదు, దాని గురించి మాట్లాడబుద్ధి కావట్లేదంతే. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడికి రోజుకింతమంది అని కోటా ఉంటుంది, పక్కింటి తలుపు కొడతాడు. అక్కడ ఉత్సాహంగా చెప్పేవాళ్లు అవతలి పార్టీవాళ్లు. వయసు, కులం, ఆడ మగ కోటాలన్నీ నిండుతాయి కాబట్టి ఆఫీసులో పట్టిక చూసేవాళ్లకు ఏ లోపమూ కనబడదు. తర్వాత వెయిటింగ్ (జనాభా పాళ్లకు తగ్గట్టు అంకెలను సర్దడం) చేసినా ఇది పోదు. మామూలు వెయిటింగ్ వయసునీ కులాన్నీ సరిచేస్తుంది, పార్టీ అభిమానం దాని లెక్కలోకే రాదు.

పింఛను, పథకాల భయం ఉన్నచోట ఇంకో రకం మౌనం ఉంటుంది. అధికారంలో ఉన్నవాళ్ల మీద కోపం ఉన్నా ముక్కూ మొహం తెలియని మనిషి ముందు "అందరూ మంచోళ్లే నాయనా" అని లోపలికి వెళ్లిపోతారు. ఐవీఆర్ఎస్ కాల్స్ సంగతి మరీ అన్యాయం. రికార్డు గొంతు "1 నొక్కండి" అనగానే ఫోన్ పెట్టేసేదెవరో, చివరిదాకా విని నొక్కేదెవరో ఆలోచించండి.

ఇదేమీ మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. 2012 అక్టోబర్‌లో అమెరికా అధ్యక్ష పోటీలో ఒబామా, రోమ్నీ మొదటి డిబేట్ తర్వాత సర్వేల్లో రోమ్నీ ఒక్కసారిగా లేచాడు. ఎక్స్‌బాక్స్ అనే వీడియో గేమ్ పెట్టె వాడేవాళ్లను రోజుల తరబడి అడుగుతూ వచ్చిన పరిశోధకులు, జవాబిచ్చినవాళ్ల పార్టీ అభిమానాన్ని సరిచేసి చూస్తే ఆ ఊపులో ఎక్కువ భాగం మాయమైంది. ఆ రోజుల్లో ఒబామా పార్టీవాళ్లైన డెమొక్రాట్లు సర్వేకి జవాబివ్వడం తగ్గించారు, అంతే.

ఏం చేయాలి: "గత ఎన్నికల్లో ఎవరికి వేశారు?" అన్న ప్రశ్న పట్టిక అడగండి, లేదా వెతకండి. రెండు సర్వేల్లోనూ ఆ వరుసను పక్కపక్కన పెట్టండి. గతం నెల రోజుల్లో మారదు కాబట్టి ఆ అంకెలు దాదాపు ఒకేలా ఉండాలి. అక్కడే 5, 6 పాయింట్లు కదిలితే దొంగ దొరికినట్టే. మొదటి సర్వేలోని పాళ్లను రెండోదానికి వేసి మళ్లీ లెక్క కట్టండి, పై ఉదాహరణలాగే. కాగితం, పెన్ను చాలు.

నిజంగా ఓటర్లు కదిలితే అది ఎక్కడ కనబడాలో కూడా తెలుసుకోండి. పార్టీ పాత ఓటర్లలో నిలబడేవాళ్ల శాతం పడిపోవాలి. 'క' పార్టీ దగ్గర 85గా ఉన్నది 75 అయితే అది అసలైన మార్పు. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. జనం గెలిచిన పార్టీకే వేశామని చెప్పుకుంటారు, కొందరు నిజంగానే మర్చిపోతారు. అందుకే ఈ వరుసను అసలు ఫలితంతో పోల్చి "సర్వే తప్పు" అనేయకండి. ఒక సర్వేతో ఇంకో సర్వేని పోల్చండి, మతిమరుపు రెండింట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మొదటిసారి ఓటేసేవాళ్లను వేరే వరుసలో పెట్టాలి. పొత్తులు మారిన చోట ఇంకా జాగ్రత్త. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీ, జనసేన, బీజేపీ వేర్వేరుగా పోటీ చేశాయి. 2024కి ముందు "క్రితంసారి కూటమికి వేశారా?" అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థమే లేదు. పార్టీ పేరుతోనే అడిగి, తర్వాత కలుపుకోవాలి.

పట్టిక ఇవ్వకపోతే? ఆ 9 పాయింట్లను వార్తగా తీసుకోకండి. ఎన్ని తలుపులు తడితే ఎంతమంది మాట్లాడారో చెప్పే సంస్థ దొరికితే మాత్రం దాన్ని వదలొద్దు, అలాంటివి తక్కువ.

లక్షణం: ఓట్ల శాతం సరిగ్గా చెప్పారు, సీట్లు మాత్రం ఎక్కడికో పోయాయి

కారణం: ఎదుటి ఓట్లు చీలాయా కలిశాయా అన్నది శాతంలో కనబడదు. 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లొస్తే 23 సీట్లు వచ్చాయి. 2024లో వైసీపీకి 39.37 శాతం వస్తే 11 సీట్లే. ఓట్లు దాదాపు అంతే, సీట్లు సగానికి తక్కువ. ఎదురుగా ఉన్న మూడు పార్టీలు కలిసి 55 శాతం దాటాయి మరి. తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కి 39.40, బీఆర్ఎస్‌కి 37.35. రెండు శాతం తేడాకి సీట్లు 64, 39. హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో కాంగ్రెస్‌కి ఒక్కటీ రాలేదు. అంటే మిగతా జిల్లాల్లో కాంగ్రెస్ వైపు ఎంత మొగ్గిందో చూడండి. రాష్ట్రమంతా ఒకే పాళ్లలో ఊపు వేసి సీట్లు కట్టే ఎక్సెల్ షీటుకి ఇది తెలియదు.

2024 లోక్‌సభ ఎగ్జిట్ పోల్స్ దెబ్బతిన్నదీ కొంతవరకు ఇక్కడే. ఎక్కువ సంస్థలు ఎన్డీయేకి 350 దాటుతాయన్నాయి, వచ్చింది 293. బీజేపీ ఓటు శాతం 2019లో 37.36, 2024లో 36.56. ఒక శాతం కూడా తగ్గలేదు, సీట్లు మాత్రం 303 నుంచి 240కి పడ్డాయి.

ఏం చేయాలి: సర్వేలో ఓట్ల శాతం లేకుండా సీట్లే ఇస్తే పక్కన పెట్టండి. రెండూ ఉంటే శాతాన్ని చదవండి, సీట్లను ఒక అంచనాగా మాత్రమే చూడండి. ప్రాంతాల వారీగా శాతాలు ఇస్తే మరీ మంచిది.

లక్షణం: "ఆయన క్రితంసారి కరెక్ట్‌గా చెప్పాడు కదా"

ఫలితాలు ముందే చెబుతారని ఆంధ్రా ఆక్టోపస్ అనిపించుకున్న మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ 2018లో తెలంగాణలో కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రజాకూటమి గెలుస్తుందన్నారు, టీఆర్ఎస్‌కి 88 సీట్లొచ్చాయి. 2019లో ఆంధ్రలో టీడీపీ అన్నారు, వైసీపీకి 151 వచ్చాయి. ఆ తర్వాత ఆయనే సర్వేలు మానేస్తానన్నారు. పేరు చూసి నమ్మడం, పేరు చూసి కొట్టిపారేయడం రెండూ ఒకటే. పద్ధతి చెప్పారా లేదా అన్నది చూడండి.

మిగతావి

డబ్బులిచ్చి చేయించిన సర్వేలా? ఉంటాయి. ప్రశ్నపత్రం, తేదీలు, శాంపిల్ అడిగితే చాలు, చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఓటర్లు కావాలని అబద్ధం చెప్పడం జనం అనుకునేంత ఎక్కువ కాదు. "సైలెంట్ ఓటు" అని మనం పిలిచేదాంట్లో చాలా భాగం పైన చెప్పిన జవాబివ్వనివాళ్లే. చివరి రాత్రి డబ్బు పంపిణీతో అంతా తారుమారైందనే వాదన ఓడిపోయిన ప్రతి సర్వే సంస్థ దగ్గరా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకునే దారి లేదు కాబట్టి వదిలేయండి. పందేల రేట్లు చూసి సర్వేని సరిదిద్దుకోవద్దు. పందెం కాసేవాళ్ల ఫోన్లలోనూ తిరిగేది ఆ సర్వే ఫొటోలే.