ట్రంప్ వార్త చూసి బీపీ తెచ్చుకోకుండా ఉండాలంటే

పొద్దున్నే ఫోన్ తీస్తే ట్రంప్ వార్త, మనలాంటి ఎర్రజెండా అభిమానులకి ఒళ్లు మండుతుంది, నిజమే, కానీ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతూ తిట్లు లంకించుకునే ముందు అది బిల్లా, అధ్యక్షుడు సంతకం పెట్టిన ఉత్తర్వా, కోర్టు తీర్పా చూడండి. బిల్లయితే కంగారొద్దు. అమెరికా పార్లమెంటు పైసభ సెనేట్‌లో 100 మందిలో మామూలుగా 60 మంది సరేనంటే గానీ చర్చ ముగిసి ఓటింగ్‌కి రాదు. బడ్జెట్ బిల్లులకి మాత్రం ఈ అడ్డు లేదు, 2025లో పేదల సర్కారీ వైద్య పథకం మెడికెయిడ్‌కి కోత పెట్టింది ఆ దారినే. ఉత్తర్వయితే వైట్‌హౌస్ సైట్‌లో అసలు కాగితం తీసి, ఎవరికి, ఎప్పట్నుంచి అన్నది చదవండి. 2025 సెప్టెంబరులో హెచ్‌-1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అనగానే పిల్లలు అక్కడున్న ఇళ్లలో ఒకటే టెన్షన్. కొత్త దరఖాస్తులకే, అదీ ఒక్కసారేనని మర్నాడు తేలింది. అయినా దుర్మార్గమే, అది వేరే విషయం. తిట్టడం ఆ తర్వాత.