ఎం.ఎస్. ఉన్నవారిలో మింగుడు ఇబ్బందిని ముందుగా గుర్తించే విధానం

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అంటే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు. దాని పేరు చెప్పగానే నడక తూలడం, చూపు మసకబారడం, కాళ్లు బిగుసుకుపోవడం, మూత్రం ఆగకపోవడం గుర్తుకు వస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లినా మాటలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు మూడో వంతు మందికి, లెక్కించే పద్ధతిని బట్టి అంతకంటే ఎక్కువ మందికి, మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది, కానీ ఎవరైనా అడిగితే తప్ప అది బయటపడదు. అన్నం తింటూ పొలమారితే "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తి మీద తట్టి నీళ్ల గ్లాసు అందించడం మన ఇళ్లలో అలవాటు. నిజానికి గొంతు కండరాల పట్టు తప్పినవారికి అన్నం ముద్ద కంటే ఆ పలుచటి నీళ్లే ఎక్కువ ప్రమాదం తెచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే గాలిగొట్టం మూసుకునేలోపే అవి జారిపోతాయి.

ఇక్కడ చెప్పేది రోగనిర్ధారణ కాదు. ఎవరిని నిపుణుల దగ్గరికి పంపాలో తేల్చుకోవడానికి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఊళ్లలో ఆశా కార్యకర్తలు, ఫిజియోథెరపిస్టులు, ఇంట్లో చూసుకునేవారు అనుసరించదగిన తొలి పరిశీలన మాత్రమే. మెదడు కాండంలోనో చిన్న మెదడులోనో మచ్చలు ఉన్నవారిని, చక్రాల కుర్చీకి పరిమితమైనవారిని, మాట ముద్దగా వస్తున్నవారిని ముందుగా చూడాలి. అయితే బాగా నడవగలుగుతున్నారన్న కారణంతో ఎవరినీ వదిలేయకూడదు.

మొదటి పని అడగడం. "మింగడం కష్టంగా ఉందా?" అని అడిగితే చాలామంది లేదనే అంటారు, ఎందుకంటే ఇబ్బంది మెల్లగా పెరిగినప్పుడు మనిషి తనకు తెలియకుండానే సర్దుకుంటాడు. అందుకే ప్రశ్న తిండి గురించి ఉండాలి. "అక్కా, చాయ్ తాగేటప్పుడు దగ్గు వస్తున్నదా? గోలీ ఒక్కసారికే దిగుతున్నదా? సకినాలు, మక్క పేలాలు తినడం ఎప్పటి నుంచి మానేసినవు? చారు కలిపిన అన్నం ఇబ్బంది పెడుతున్నదా?" అని అడిగితే నిజం బయటికి వస్తుంది. చారన్నం గురించి ప్రత్యేకంగా అడగాలి. పలుచని ద్రవం, గట్టి మెతుకు ఒకేసారి నోట్లో ఉన్నప్పుడు మెతుకు నమిలేలోపే చారు గొంతులోకి పారుతుంది. ఉల్లిగడ్డ ముక్కలు వేసిన అంబలికీ, పచ్చిపులుసుతో తినే అన్నానికీ ఇదే చిక్కు. నీళ్లు తక్కువ తాగుతున్నారని తెలిస్తే కారణం విడిగా అడగాలి, ఎందుకంటే ఎం.ఎస్. ఉన్నవారు మాటిమాటికీ మూత్రానికి వెళ్లలేకా నీళ్లు తగ్గిస్తారు, పొలమారుతుందన్న భయంతోనూ తగ్గిస్తారు; ఒక కారణం రెండోదాన్ని సులభంగా కప్పేస్తుంది.

ఈ ప్రశ్నలకు శాస్త్రీయ రూపం ఇచ్చిన ప్రశ్నావళులు ఉన్నాయి. 2008లో ఇటలీ వైద్యులు ఎం.ఎస్. కోసమే రూపొందించిన డైమస్‌లో అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నలు 10 ఉంటాయి. ఏ జబ్బుకైనా వాడే ఈట్-10లో ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 వరకు మార్కులు ఉంటాయి, మొత్తం 3 లేదా అంతకంటే ఎక్కువ వస్తే పరీక్ష అవసరమని భావిస్తారు.

రెండో పని భోజనం పక్కన కూర్చోవడం. నా దృష్టిలో ప్రశ్నావళి కంటే దీనికే విలువ ఎక్కువ. ఈ జబ్బు మగవారికంటే ఆడవారిలో ఎక్కువగా, తరచుగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఆ వయసు కోడలు మన ఇళ్లలో అందరికీ వడ్డించి, చివర ఒంటరిగా తింటుంది. ఆమె పళ్లెం ముందు అరగంటకు మించి కూర్చుంటున్నదని, ఒక్క ముద్దకు రెండు మూడుసార్లు మింగుతున్నదని, బుగ్గలో మెతుకులు మిగిలిపోతున్నాయని, నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయని ఎవరికీ తెలియదు. పొద్దున ఓపీలో బాగానే మింగిన మనిషి రాత్రి భోజనానికి అలసిపోయి ఉండవచ్చు. శరీరం వేడెక్కితే ఎం.ఎస్. లక్షణాలు తాత్కాలికంగా పెరుగుతాయి కాబట్టి రామగుండం ఎండల్లో ఈ తేడా మరింత కనిపించవచ్చు. అందువల్ల చూడవలసింది రాత్రి భోజనాన్ని. తిన్న తర్వాత "ఆ" అని పలికించి, స్వరం నీళ్లు నిండినట్టు గరగరలాడుతున్నదేమో వినాలి.

మూడోది నీళ్ల పరీక్ష, దీన్ని శిక్షణ ఉన్నవారే చేయాలి. మగతగా ఉన్నవారికి, జ్వరం లేదా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఉన్నవారికి, నిటారుగా కూర్చోలేనివారికి, లాలాజలమే మింగలేనివారికి చేయకూడదు. ముందు నోరు శుభ్రంగా కడిగించాలి, ఎందుకంటే నీళ్లు పొరపాటున ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా వాటితోపాటు వెళ్లే క్రిములు తగ్గుతాయి. చెంచాతో కొద్దికొద్దిగా రెండు మూడుసార్లు ఇచ్చి, దగ్గు రాకపోతేనే 90 మిల్లీలీటర్ల నీళ్లు ఆగకుండా తాగమనాలి. మధ్యలో ఆపినా, తాగుతున్నప్పుడు గానీ ఆ తర్వాత ఒక నిమిషంలోపు గానీ దగ్గు వచ్చినా, గొంతు మారినా అక్కడితో ఆపి నిపుణులకు పంపాలి.

దగ్గు రాలేదు కనుక అంతా బాగుందని అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. గొంతులో స్పర్శ తగ్గినవారిలో నీళ్లు చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారతాయి. నాలుక వెనక తాకితే ఓకరింపు వచ్చినంత మాత్రాన మింగడం సురక్షితమని కాదు. కోవిడ్ తర్వాత చాలా ఇళ్లకు చేరిన పల్స్ ఆక్సీమీటరు కూడా ఈ విషయాన్ని నమ్మకంగా చెప్పలేదు. అందుకే మాటిమాటికీ జ్వరం, దగ్గు, కారణం తెలియని బరువు తగ్గుదల ఉంటే, నీళ్ల పరీక్షలో నెగ్గినా పంపాల్సిందే. ఇలాంటి దగ్గుకు మన దగ్గర ముందు టీబీ కోసం కళ్లె పరీక్ష చేయిస్తారు, అది సరైన పనే. అందులో ఏమీ రాకపోతే మింగుడు సంగతి తప్పక అడగాలి.

వరంగల్ చుట్టుపక్కలవారు ఎంజీఎం ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో మొదట చూపించుకోవచ్చు. ముక్కు ద్వారా సన్నని కెమెరా పంపి చూసే పరీక్షా, బేరియం కలిపిన ఆహారం మింగుతుండగా తీసే కదిలే ఎక్స్‌రే పరీక్షా ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కొని బయలుదేరాలి. చీటీలో ఏ పదార్థానికి, ఏ పూట, ఎలా ఇబ్బంది అవుతున్నదో, బరువెంత తగ్గిందో, బాక్లోఫెన్ వంటి మగత తెచ్చే మందులు గానీ మూత్రం కోసం వాడే నోరు ఎండగొట్టే మందులు గానీ ఉన్నాయేమో రాయాలి. ఇబ్బంది కొద్ది రోజుల్లోనే కొత్తగా మొదలైతే అది ఎం.ఎస్. తిరగబెట్టడం కావచ్చు కాబట్టి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా న్యూరాలజిస్టుకు ఫోన్ చేయాలి. ఏమీ లేదని తేలినవారిని కూడా కనీసం ఏడాదికోసారి, జబ్బు తిరగబెట్టిన ప్రతిసారి మళ్లీ అడగాలి.

నిపుణులను కలిసేలోపు నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టాలి. టీవీ ఆపి, తిన్నాక కనీసం అరగంట పడుకోనివ్వకూడదు. మాట రాక, ఊపిరాడక గొంతు పట్టుకుంటే నీళ్లు పోయకుండా ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేత్తో గట్టిగా ఐదు దెబ్బలు కొట్టాలి. తగ్గకపోతే వెనక నిలబడి బొడ్డుకు పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి, ఈలోపు ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. మాత్రలు దిగడం లేదని ఎం.ఎస్. మందులను నూరకూడదు, డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూల్‌ను విప్పి పొడి చల్లుకోవడం, ఫాంప్రిడిన్ మాత్రను విరవడం పనికిరావు. నీళ్లను చిక్కగా చేసే పొడిని సొంతంగా మొదలుపెట్టడం కూడా మంచిది కాదు. ఆ రుచి నచ్చక నీళ్లే మానేసేవారు ఉన్నారు, వేసవిలో అది ఒంట్లో నీరు తగ్గడానికి, మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు దారితీస్తుంది. ఎంత చిక్కదనం అవసరమో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి.