సంక్రాంతికి తాటాకు వంశ తోరణం కట్టడం ఎలా?

సంక్రాంతి పెద్దల పండుగ. గోదావరి జిల్లాల్లో ఆ రోజు పీట వేసి, దాని మీద కొత్త బట్టలు పెట్టి, పోయినవాళ్ళని పేరుపేరునా తలుచుకున్నాకే ఇంట్లోవాళ్ళు కొత్త బట్ట కట్టుకుంటారు. ఆ పీట వెనక గోడకి కట్టే తోరణం ఇది. ఇంటి పెద్దల పేర్లు తాటాకు మీద గంటంతో, అంటే ఇనుప మొన ఉన్న రాత పుల్లతో రాసి, తరాల వరసలో వేలాడదీస్తాం.

ఈమధ్య ఆ చోట ఫ్లెక్సీ వేయిస్తున్నారు. ఒక్క పేరులో ఒత్తు తప్పు పడినా ఫ్లెక్సీ అంతా మళ్ళీ వేయించాలి. కోడలు వచ్చినా, మనవడు పుట్టినా మళ్ళీ అంతే. తాటాకు తోరణంలో అయితే ఒక ఆకు విప్పి ఇంకో ఆకు కడితే సరిపోతుంది. పైగా ఎండకి వెలిసిపోయిన ఫ్లెక్సీని చివరికి ఏ గడ్డిమేటు మీదో కప్పేస్తారు. తాతల పేర్లు అలా వానలో నానకూడదు.

ధనుర్మాసం మొదలవగానే, అంటే డిసెంబరు మూడో వారంలో పని మొదలుపెట్టండి. భోగికి నాలుగు రోజుల ముందు మొదలుపెడితే ఆకు ఆరదు.

కావలసినవి

నాలుగు అడుగుల వెదురు బద్ద, పురికొస ఉండ ఒకటి, తాటాకు మట్టలు రెండు, పసుపు, ఆముదం, నూలు గుడ్డ, రెండు దబ్బనాలు, సానరాయి, గుప్పెడు తవుడు, వరి కంకులు. థర్మకోలు, మెరుపు కాగితం, ప్లాస్టిక్ పూలు తేవద్దు.

ముందు పేర్లు

ఆకు కోయకముందే పేర్లన్నీ కాగితం మీద ఉండాలి. అన్నిటికంటే పనికొచ్చేది 2015 గోదావరి పుష్కరాల్లో పిండప్రదానానికి రాసుకెళ్ళిన చీటీ. చాలా ఇళ్ళలో అది ఇంకా ఏ పంచాంగం మధ్యలోనో ఉంటుంది. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, మామ్మ, తాతమ్మ, అటు తల్లి పుట్టింటివాళ్ళు, అందరి పేర్లూ అందులో దొరుకుతాయి. తర్వాత అటక మీది ఇత్తడి సామాను దించండి. బిందెల మెడ మీద, గుండిగల అంచు మీద కొట్టించిన పేర్లు ఉంటాయి. ఆడవాళ్ళ పేర్లూ, వాళ్ళ పుట్టింటి ఇంటిపేర్లూ సారె సామాను మీద దొరికినంతగా ఇంకెక్కడా దొరకవు. చింతపండుతో తోమి, వెలుతురుకి అడ్డంగా తిప్పి చూస్తే అరిగిన అక్షరం కూడా తెలుస్తుంది.

ఆడవాళ్ళ పేర్లు వదిలేసి కట్టే తోరణాలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తర్పణంలోనే తల్లి, మామ్మ, తాతమ్మ పేర్లు చెప్పి నీళ్ళు వదులుతారు. తోరణంలో వాళ్ళు లేకపోవడం ఏమిటి? ప్రతి ఆడమనిషి ఆకు మీదా పుట్టింటి ఇంటిపేరు కూడా రాయాలి. అది లేకపోతే రెండు తరాలు గడిచేసరికి ఆవిడ ఏ ఊరి ఆడపడుచో చెప్పేవాళ్ళు ఉండరు.

సంవత్సరాల దగ్గర జాగ్రత్త. పెద్దవాళ్ళని ‘ఏ ఏడు పుట్టారు’ అని అడిగితే చెప్పలేరు. ‘వరదకి ముందా, వెనకా’ అని అడిగితే ఠక్కున చెబుతారు. ఇక్కడ వరదంటే 1953 ఆగస్టుదో, 1986 ఆగస్టుదో. కోనసీమలో తుఫానంటే 1996 నవంబరుది. 1979, 1991, 2003 పుష్కరాలు కూడా మంచి గుర్తులే. పాత పత్రాల మీద తెలుగు సంవత్సరం పేరుంటే అది 60 ఏళ్ళకోసారి తిరిగి వస్తుందని మరిచిపోవద్దు. ప్రజోత్పత్తి అని ఉంటే 1931 కావచ్చు, 1871 కూడా కావచ్చు. పక్కనున్న పేర్లతో సరిచూసుకోవాలి. పైగా తెలుగు ఏడాది ఉగాదితో మొదలవుతుంది కాబట్టి పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల్లో జరిగినవి సాధారణంగా తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలోకి వెళతాయి.

బతికున్నవాళ్ళ ఆకు మీద పేరు ఒక్కటే రాయండి. పుట్టిన ఏడు రాసి, పక్కన గీత గీసి, ఆ తర్వాత ఖాళీ వదిలే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, మంచం మీదున్న పెద్దావిడ ఆ ఖాళీ చూస్తే మనసు చివుక్కుమంటుంది. సంవత్సరాలు పోయినవాళ్ళకే.

ఆకు

మొవ్వాకు, అంటే చెట్టు నడినెత్తిన ఇంకా విచ్చని లేతాకు మెత్తన, ముడుచుకుపోతుంది. కింద వేలాడే ముదురాకు పెళుసు. మొవ్వ పక్కన విచ్చిన రెండో మూడో ఆకు కోయించండి. ఒక్కో మట్టలో నడిమి రేకులు 30 దాకా పనికొస్తాయి, అంచువి ఇరుకు. ఈనె తీసేస్తే ఒక్కో రేకు రెండు పట్టీలవుతుంది. అంగుళం వెడల్పు, ఏడంగుళాల పొడవున కత్తిరించండి.

ఐదు లీటర్ల నీళ్ళలో రెండు చెంచాల పసుపు వేసి, పట్టీలు మునిగేలా అరగంట మరిగించండి. పసుపు వల్ల పురుగు త్వరగా పట్టదు, రంగూ వస్తుంది. నీళ్ళలోనే చల్లారనిచ్చి, తుడిచి, నీడలో తాడుకి క్లిప్పులు పెట్టి మూడు రోజులు ఆరేయండి. ఎండలో వేస్తే దోనెలాగా వంగిపోతుంది. సాయంత్రం నాలుగింటికల్లా లోపలికి తెచ్చేయాలి. చలికాలపు మంచు ఒక్క రాత్రి పడితే నల్లటి బూజు చుక్కలొస్తాయి. ఆరాక పాత నూలు చీర మడతల్లో పెట్టి, రెండు రాత్రులు బియ్యం బస్తా కింద ఉంచండి. న్యూస్ పేపర్ మడతల్లో పెట్టొద్దు, అచ్చు అంటుకుంటుంది. చివర గవ్వ వీపుతో, లేదా స్టీలు గరిటె వెనక వైపుతో నునుపు తేలేదాకా రుద్దండి.

ఈ రుద్దడం మానేస్తే తర్వాత మసి పట్టించినప్పుడు ఆకంతా బూడిద రంగుకి తిరుగుతుంది. పట్టీకి రెండు నిమిషాలు చాలు.

రాయడం: పనంతా పాడయ్యేది ఇక్కడే

ఆకు మీద పెన్నుతో రాయొద్దు. జెల్ పెన్ను సిరా ఆ నునుపు మీద నిలవదు, వేలు తగిలితే చెదురుతుంది. స్కెచ్ పెన్ను వసారా వెలుతురుకే వెలిసిపోతుంది. గంటంతో గీరి, ఆ గాటులో మసి నింపిన అక్షరం ఆకు లోపలికి దిగి ఉంటుంది, పైన ఎంత తుడిచినా పోదు. ఎన్ని కళల క్లాసులు ఏం నేర్పినా తాటాకు మీద రాయడానికి మన పద్ధతి ఇదే.

గంటం దొరక్కపోతే దబ్బనాన్ని వెదురు ముక్కలో బిగించి వాడుకోవచ్చు. అయితే దాని మొనను సానరాయి మీద గుండ్రంగా తిప్పి, కొంచెం మొద్దుబారేలా చేయాలి. పదును మొన నారని కోసేస్తుంది, మొద్దు మొన నారని నొక్కి దారి చేసుకుంటుంది. బొటనవేలి గోరు మీద లాగి చూడండి. గీత పడాలి, గోరు లేవకూడదు.

ఇక ఆకు గుణం తెలుసుకోవాలి. తాటాకు నార పొడవునా నడుస్తుంది. మనం రాసే వరస కూడా పొడవునే. అందుకని వరస వెంట పడుకోబెట్టి గీసిన తిన్నని గీత ఏదైనా నార వెంట పడి, అక్కణ్ణించి చీలిక చివరిదాకా పరిగెడుతుంది. గుండ్రంగా తిరిగే తెలుగు అక్షరం నారని అడ్డుగా దాటుతూ పోతుంది కాబట్టి నిలబడుతుంది. చీలిక తెచ్చేవి మనం అలవాటుగా గీసే అడ్డగీతలు: పేరు కింద గీత, ఇంటిపేరు పక్కన చిన్నగీత, రెండు సంవత్సరాల మధ్య గీత. వీటిలో ఒక్కటీ ఉండకూడదు. 1902 కీ 1971 కీ మధ్య చుక్క పెట్టండి. అంకెల్లో కూడా 7 తల, 5 తల, 4 నడుము తిన్నగా గీయకుండా వంపు తిప్పండి. అలాగే తలకట్టుని పైకి ఏటవాలుగా లేపాలి, పడుకోబెట్టకూడదు.

పట్టుకునే తీరు ఇలా ఉండాలి: ఆకు ఎడమ చేతిలో ఉంటుంది, బల్ల మీద కాదు. గంటాన్ని కుడి పిడికిట్లో నిలువుగా పట్టుకుని, దాని మొన దగ్గర ఎడమ బొటనవేలు ఆనించండి. ఆ బొటనవేలే గంటాన్ని నడుపుతుంది. కుడి చెయ్యి బరువు మాత్రం ఇస్తుంది. అక్షరం తిరిగేటప్పుడు గంటం ఉన్నచోటే ఉండి ఆకు తిరుగుతుంది. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే మొన జారుతుంది, జారిన గీతని చెరిపే దారి లేదు. మొదటి రోజు ఖాళీ పట్టీల మీద ‘శ్రీ’ అని ఓ యాభై సార్లు రాయండి. ‘శ్రీ’లో క్రావడి, అంటే ర ఒత్తు తిప్పడం వస్తే మిగతావన్నీ వస్తాయి.

లోతు ఎంత? ఆకు వెనక్కి తిప్పి చూస్తే గీత పొంగు వేలికి తగలకూడదు. తగిలిందంటే ఎక్కువ నొక్కారు, ఏడాది తిరక్కుండా అక్కడ చిల్లి పడుతుంది. ఒత్తులున్న పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ‘లక్ష్మి’, ‘కృష్ణ’ లాంటివి రాసేటప్పుడు ఒత్తు కోసం కింద అంచు దాకా పోతారు, అంచు చీలుతుంది. అక్షరాల వరసని ఆకు నడుముకి కొంచెం పైన నడిపి, కింద వేలెడు వెడల్పులో మూడోవంతు వదలండి. మొదటి ఆకు చీలిందని ఆపేయొద్దు, పది చీలడం మామూలే. అందుకే పేర్లకి రెట్టింపు పట్టీలు ఉడకబెట్టాలి.

తర్వాత మసి. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, ఇంట్లో కాటుక పట్టినట్టే పట్టండి. అంగట్లో దొరికే కాటుకలో మైనం ఉంటుంది, గాట్లోకి దిగదు. చిటికెడు మసికి మూడు నాలుగు చుక్కల ఆముదం కలిపి, గుడ్డతో అక్షరాల మీద అటూ ఇటూ రుద్దండి. ఆకు అంతా నల్లబడుతుంది, కంగారు పడొద్దు. పది నిమిషాలాగి పొడి గుడ్డతో తుడిచి, తవుడు చల్లి అరచేత్తో రుద్దితే మిగిలిన జిడ్డంతా తవుడు తాగేస్తుంది. పసుపు రంగు ఆకు మీద నల్లటి పేరు పైకి తేలుతుంది. తడిగుడ్డ మాత్రం పెట్టొద్దు.

కట్టడం

కాల్చిన దబ్బనంతో ఆకు రెండు చివర్లా, అంచు నుంచి అరంగుళం వదిలి బెజ్జం వేయండి. పంచింగ్ మిషన్‌తో వేస్తే అక్కణ్ణించే చీలిక మొదలవుతుంది.

వెదురు బద్దకి నడి మధ్యలో తెలిసినవాళ్ళలో పెద్ద తరం దంపతులు. వాళ్ళ కింద పిల్లలు, ఒక్కొక్కరికీ ఒక్కో పురికొస వరస. భార్యాభర్తల ఆకులు ఒకదాని కింద ఒకటి ఆనుకుని ఉండాలి, తరానికీ తరానికీ నడుమ జానెడు. చెట్టు బొమ్మ వేసి పెద్దవాళ్ళని వేరు దగ్గర పెట్టేది మన పద్ధతి కాదు, పెద్దలు పైనే ఉండాలి.

మేనరికాలు లేని ఇల్లు ఇక్కడ తక్కువ. అక్క కూతుర్ని చేసుకున్న తమ్ముడూ, మేనత్త కొడుక్కి వెళ్ళిన పిల్లా ఉంటే ఒకే మనిషి రెండు వరసల్లోకి వస్తుంది. రెండు ఆకులు రాయొద్దు. ఒకే ఆకు రెండు బెజ్జాలకీ రెండు వరసల తాళ్ళూ తెచ్చి ముడేయండి. దత్తత వెళ్ళినవాళ్ళకీ ఇదే, కన్నవాళ్ళ తాడు ఒక బెజ్జానికి, పెంచినవాళ్ళ తాడు రెండోదానికి. చిన్నతనంలో పోయిన పిల్లలకీ ఆకు ఉండాల్సిందే. వాళ్ళని గుర్తుపెట్టుకున్న పెద్దావిడ ఇంట్లో ఉంటే, ముందుగా వెతికేది ఆ పేరే.

బద్ద రెండు చివర్లా ఒక్కో ధాన్యపు కుచ్చు. సార్వా (ఖరీఫ్) వరి కోతల్లోనే కంకులు అడిగి పెట్టుకోవాలి. మిషన్ కోసిన చేలో కంకి దొరకదు, కానీ మిషన్ దిగడానికి మడి మూలలు కొడవలితో కోస్తారు, అవి అడగండి. స్వర్ణ రకం వరి అయితే పొట్టు బంగారు రంగులో ఉండి అందంగా ఉంటుంది. అడుగు కాడతో 60 కంకులు ఒక కుచ్చుకి. ముందు రాత్రి నీళ్ళు చిలకరిస్తే కాడ విరగదు, గింజ రాలదు. తల కిందకి పెట్టి పురికొసతో బిగించండి.

తోరణం భోగి సాయంత్రానికి గోడ మీద ఉండాలి, దేవుడి పటాల మధ్య మాత్రం కాదు. ముక్కనుమ వెళ్ళాక దించేటప్పుడు కుచ్చులు విప్పి వసారా చూరుకి కట్టేయండి, పిచ్చుకలు తింటాయి. ఆకులకి దూదితో నిమ్మగడ్డి నూనె పలచగా రాసి, నూలు గుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టండి. పాలిథిన్ కవర్లో పెడితే వానాకాలానికి బూజు పడుతుంది. రాయకుండా మిగిలిన పట్టీలు పారేయకుండా ఓ పది అదే మూటలో ఉంచండి. వచ్చే ఏడు వేరే మట్ట ఉడకబెడితే రంగు కలవదు, కొత్తగా పుట్టిన బిడ్డ ఆకు వాళ్ళ తాతమ్మ ఆకు రంగులోనే ఉండాలి.