ఇంట్లో కారు సైలెన్సర్ మీద చెయ్యి వేసే ముందు

కారు సౌండ్ కాస్త గంభీరంగా ఉండాలని కోరుకోవడం తప్పేమీ కాదు, నాకూ ఉంది ఆ పిచ్చి. కానీ ఆదివారం పొద్దున్నే జాకీ, ఇనుము కోసే గ్రైండర్ పట్టుకుని పోర్టికోలోకి దిగేవాళ్ళకి కొన్ని విషయాలు ముందే తెలియాలి.

పవర్ కోసమే అయితే సైలెన్సర్ మార్చే పని మానుకోండి. పాత స్విఫ్ట్‌లాంటి 1.2 లీటర్ పెట్రోల్ కార్లలో ఉన్న 80 పైచిలుకు హార్స్‌పవర్, వెనక ఉన్న సైలెన్సర్ మార్చగానే పెరిగిపోదు, పెరిగినా నడిపేవాళ్ళకి తెలిసేంత ఉండదు. పైగా "పెద్ద పైపు వేస్తే ఫ్రీగా ఊపిరి పీలుస్తుంది" అని లావు పైపు బిగిస్తే, తక్కువ ఆర్‌పీఎంలో పొగ వేగం తగ్గి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంతకుముందున్న లాగుడు కూడా తగ్గొచ్చు. కాబట్టి మీరు మారుస్తున్నది శబ్దం ఒక్కటే, ఎంత రిస్క్ చేస్తున్నా అది శబ్దం కోసమే.

అసలు ప్రమాదం కారు కిందికి దూరడంలో ఉంది. డిక్కీలో కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే, దాని మీద ఉన్న బండి కిందికి తల పెట్టకూడదు. ఇటుకలు, సిమెంట్ బ్లాకులు అసలు వద్దు, అవి బరువు మోస్తున్నట్టే ఉండి ఒక్కసారిగా పగిలిపోతాయి. రెండు జాక్ స్టాండ్లు (లేపిన బండి బరువు మోసే ఇనుప స్టాండ్లు) కొనండి, గట్టి చదును నేల మీదే పెట్టండి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు, నాకూ తట్టలేదు. మన కార్లలో దాదాపు అన్నిటికీ హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. సైలెన్సర్ కోసం వెనకభాగం లేపగానే ఆ చక్రాలు గాల్లో ఉంటాయి, ఇక హ్యాండ్‌బ్రేక్ వేసినా వెయ్యనట్టే. నేను మొదటిసారి లేపినప్పుడు కారు బెత్తెడు ముందుకి జరిగింది. అప్పటికి నేను కిందికి వెళ్ళలేదు, అంతే, లేకపోతే ఈ రోజు ఇది రాసేవాణ్ణి కాదు. ముందు చక్రాలకి రెండువైపులా గట్టి అడ్డాలు పెట్టి, ఫస్ట్ గేర్‌లో వదిలి, అప్పుడు లేపండి. లేపాక బండిని చేత్తో ఊపి చూడండి, కదిలితే దించి మళ్ళీ మొదటినుంచి. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి.

బండి తిప్పి వచ్చాక కనీసం రెండు మూడు గంటలు ఆగండి. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) బండి నడిచేటప్పుడు కొన్ని వందల డిగ్రీలు వేడెక్కుతుంది, పైకి మామూలుగా కనిపించే పైపు కూడా చర్మం ఊడదీస్తుంది. తుప్పు నేరుగా కళ్ళలోకే రాలుతుంది, అందుకని గాగుల్స్ తప్పనిసరి.

గ్రైండర్ తీసే ముందు బోల్టులున్నాయేమో చూడండి. సైలెన్సర్ విడిగా ఊడేదైతే తుప్పు పట్టిన బోల్టుకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచితే స్పానర్‌కే వస్తుంది, రబ్బరు హ్యాంగర్లు సబ్బునీళ్ళకి జారి వస్తాయి. కొన్ని కార్లలో మధ్య పైపు, సైలెన్సర్ కలిపి ఒకే ముక్క, కోస్తే తప్ప రాదు. అలాంటిదైతే ఇంట్లో పెట్టుకోకండి, షెడ్డుకి తీసుకెళ్ళండి. ఎందుకంటే చాలా కార్లలో పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కింద, సైలెన్సర్‌కి ఆనుకున్నంత దగ్గరలో ఉంటుంది, నిప్పురవ్వలు వెళ్ళేదీ అటే. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటే కోయడం, వెల్డింగ్ బండి మీద ఉండగా చెయ్యనే వద్దు. దీంట్లో నాకు రెండో మాట లేదు.

వెల్డింగ్ అవసరమైతే సైలెన్సర్‌ని కింద పెట్టుకుని చేయించండి. బండి మీదే చెయ్యాల్సి వస్తే బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి, లేకపోతే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ బాక్సు పోయే అవకాశం ఉంది. ఇంట్లో మిగిలిన జీఐ నీళ్ళ పైపు ముక్కని సైలెన్సర్ కొసకి టిప్పుగా అతికించేవాళ్ళని చూశాను. ఆ పైపు మీద జింకు పూత ఉంటుంది, వెల్డింగ్‌లో ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, వెల్డింగ్ వెలుగు చూస్తే కొన్ని గంటల తర్వాత కళ్ళు, లోపల ఇసుక పోసినట్టు మండుతాయి.

సైలెన్సర్‌కి డ్రిల్లుతో కన్నాలు పెట్టే చిట్కా అన్నిటికన్నా చెడ్డది. సౌండ్ బొంగురుపోతుంది, అంతకన్నా ముఖ్యంగా పొగ వెనక్కి పోకుండా కారు కిందే చేరుతుంది. డిక్కీ రబ్బరు పాతదైతే, కారు ఫ్లోర్‌లో చిన్న సందు ఉన్నా, అది లోపలికి వస్తుంది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు, రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తే ప్రయాణం అలసట అనుకుంటాం, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లల సంగతి అసలు తెలియదు. అందుకే పైపు కొస బంపర్ దాటి బయటికి రావాలి. బిగించాక బండి బయట పెట్టి స్టార్ట్ చేసి, అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లి బుడగలు చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజన్ ఆన్ చేసి సౌండ్ వింటూ కూర్చోకండి.

కంపెనీ సైలెన్సర్ అడుగున ఒక చిన్న రంధ్రం కనిపిస్తే లీకు అనుకుని మూసేయకండి. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది, చల్లబడి లోపల మిగిలేది ఆ రంధ్రంలోంచే పోతుంది. మూస్తే లోపలినుంచి తుప్పు తింటుంది. క్యాట్ జోలికి మాత్రం వెళ్ళకండి, దాన్ని తీస్తే విషం నేరుగా గాల్లోకి పోతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కుంటారు.

హైవే మీద గుయ్‌మనే మోత గురించి ఎవరూ ముందు చెప్పరు. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో సెకనుకి 100 సార్లు పేలుతుంది, ఆ కంపనం క్యాబిన్‌తో కలిస్తే విజయవాడ దాటేలోపు తల పగిలిపోతుంది. రెజొనేటర్ (ఈ మోతని తగ్గించడానికి పైపులో ఉండే చిన్న డబ్బా) అలాగే ఉంచితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. సైలెన్సర్ లేకుండా నడపడం నిబంధనలకి విరుద్ధం. శబ్దం, కాలుష్యం ప్రమాణాలు మీరితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్ ఉండదు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్చితే క్లెయిమ్ దగ్గర గొడవే.

ఇవన్నీ చూశాక కూడా చెయ్యాలనిపిస్తే మీ కారుది కొయ్యకండి. ఆటోనగర్‌లో అదే మోడల్ పాత సైలెన్సర్ దొరుకుతుంది, ప్రయోగాలు దాని మీద చెయ్యండి. మీదాన్ని గ్యాస్కెట్, బోల్టులు, రబ్బర్లతో సహా గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. పక్కింటివాళ్ళు నిద్ర పట్టట్లేదన్నా, ఇంట్లోవాళ్ళు తలనొప్పి అన్నా, ఆ సాయంత్రమే దించి బిగించేయొచ్చు.