కలిసి పనిచేద్దాం – 4వ పాఠం: ‘వీక్‌గా ఉంది’ అని రాయకండి

పోయిన పాఠంలో ఒక బిడ్డ గురించి అర పేజీ రాసి, వేరే శాఖవారి చేత చదివించమన్నాను. చదివినవారు ‘సరే, చూస్తాం’ అన్నారనీ, ఆ తర్వాత ఏమీ జరగలేదనీ చాలామంది బాధపడ్డారు. మీ కాగితాలన్నీ చదివాను. తప్పు వాళ్లది కాదు. దాదాపు ప్రతి కాగితంలోనూ ఒకే మాట: ‘బిడ్డ వీక్‌గా ఉంది.’ ఉమ్మడి సమావేశం గురించి వచ్చే పాఠంలో చూద్దాం. ముందు ఈ మాట సంగతి తేలాలి.

అంగన్‌వాడీ టీచర్ ‘వీక్’ అని రాస్తే బరువు తక్కువని అర్థం. ఏఎన్ఎం (ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త) అదే చదివి రక్తం తక్కువేమో అనుకుని ఐరన్ సిరప్ ఇస్తుంది. ఫిజియోథెరపిస్టుకు కండరాల్లో పట్టు లేదని అర్థమవుతుంది. బడి పంతులుగారికి చదువులో వెనుకబడిందని. నానమ్మకు దిష్టి తగిలిందని. అందరూ తల ఊపుతారు. వాదన వస్తే ఎవరో ఒకరు ఏమిటని అడిగేవారు. అందరూ ఒప్పుకున్నారు కాబట్టి ఎవరూ అడగరు. నాకు కోపం తెప్పించేది ఇదే.

నేను సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు మూడేళ్ల పాప గురించి ‘వీక్, మాటలు రాలేదు’ అని నా చేత్తోనే రాశాను. గుడ్డు, పాలు శ్రద్ధగా పెట్టించాం. ఎనిమిది నెలల్లో బరువు పెరిగింది, మాటలు మాత్రం రాలేదు. ఒకరోజు ఆయా చేతిలోంచి స్టీలు పళ్లెం పాప వెనకాల జారిపడింది. గదిలో పిల్లలంతా ఉలిక్కిపడి తిరిగారు. పాప అన్నం కలుపుకుంటూనే ఉంది. ‘వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదు’ అని మొదటి రోజే రాసి ఉంటే ఆ ఎనిమిది నెలలు పోయేవి కావు. జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే చోటు) వినికిడి పరీక్ష చేసే నిపుణులు ఉంటారు. మాటలు రాని బిడ్డకు ముందు చెవి చూపించాలి.

కాబట్టి కన్ను చూసింది, చెవి విన్నది, టేపు చెప్పింది రాయండి. పేర్లు పెట్టడం తర్వాత. టేపు సంగతికొస్తే, 6 నెలలు నిండి 5 ఏళ్లలోపు బిడ్డకు ఎడమ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం. చొక్కా చేయి తీసేసి, చేయి వదులుగా వేలాడుతుండగా, భుజం చివరకూ మోచేతికీ నడిమధ్యన కొలవాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. ‘11.2’ అని రాస్తే టీచరుకైనా డాక్టరుకైనా ఒకటే అర్థం.

ఎక్కడ రాయాలంటే, నేనైతే తల్లీబిడ్డల రక్షణ కార్డులోనే రాస్తాను. రిజిస్టర్లు ఎవరి శాఖవి వారి దగ్గరే ఉంటాయి, కార్డు బిడ్డతో పాటు వెళ్తుంది. సంచార వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లే వస్తుంది. ఆ రోజు తల్లి చేతిలో కార్డు ఉండాలి.

అభ్యాసం: పాత కాగితం తీసి, ‘వీక్, డల్, నార్మల్, మొండి’ అన్న మాటలు కొట్టేసి ఐదు వాక్యాల్లో తిరిగి రాయండి. ఏఎన్ఎంకు, బడి టీచరుకు, బిడ్డ తల్లికి విడివిడిగా చదివి వినిపించి, ‘రేపు ఏం చేస్తారు?’ అని అడగండి. ముగ్గురూ చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఎవరైనా ‘చూస్తాం’ అంటే మళ్లీ మొదటి వాక్యం నుంచి రాయండి. వారం పట్టినా ఫరవాలేదు.