అల్యూమినియం పడవ ట్రాన్సమ్ పగిలితే ఎలా బాగుచేయాలి? పైపైన వెల్డింగ్ పూయడం కాదు

ట్రాన్సమ్‌కి, అంటే పడవ వెనక గోడకి, పగులు కనబడగానే చాలామంది చేసేది ఒకటే. కంటికి కనిపించినంత మేర గ్రైండర్ ఆడించి, పైన ఒక వెల్డింగ్ గీత లాగి, రంగేసేస్తారు. కొన్నాళ్ళకి ఆ గీత పక్కనే ఇంకో బీట లేస్తుంది. అప్పుడు "అల్యూమినియం ఇంతే, దానికి వెల్డింగ్ ఆగదు" అని తీర్పు చెప్తారు. భేషుగ్గా ఆగుతుంది. ఆగనిదల్లా పగులు కొస ఎక్కడుందో వెతక్కుండా వేసిన వెల్డింగు.

ముందు అసలెందుకు పగిలిందో చూడండి. ఔట్‌బోర్డ్ మోటారు (ట్రాన్సమ్‌కి బయట తగిలించే మోటారు) నడుస్తున్నప్పుడు ప్రొపెల్లర్ కింద నుంచి నెడుతుంది కాబట్టి, మోటారు బ్రాకెట్ ట్రాన్సమ్ కింది భాగాన్ని లోపలికి తోస్తూ పై అంచుని వెనక్కి గుంజుతుంది. ప్రతి అలకీ ఇదే గుంజులాట. ఉక్కయితే ఒక హద్దు లోపల ఎన్నిసార్లు వంగినా తట్టుకుంటుంది. అల్యూమినియంకి అలాంటి కచ్చితమైన హద్దు లేదు, చిన్న వంపులు కూడా లెక్కలో పడుతూనే ఉంటాయి. అందుకే పగుళ్ళు ఎక్కడపడితే అక్కడ రావు. మోటారు కోసం కోసిన గాడి మూలల దగ్గర, బోల్టు రంధ్రాల దగ్గర, లోపల ట్రాన్సమ్‌కి ఆసరాగా వెల్డ్ చేసిన బ్రాకెట్ ముగిసే చోట వస్తాయి. మీ పగులు ఈ మూడింటిలో ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

కావలసినవి

ఏసీ టిగ్ వెల్డింగ్ మెషీను (ఫిల్లర్ రాడ్డుని చేత్తో అందించే రకం), స్వచ్ఛమైన ఆర్గాన్ వాయువు, 5356 రకం ఫిల్లర్ రాడ్లు (అతుకులో కరిగించి నింపేవి), అసిటోన్, ఇంతవరకు ఉక్కుని తాకని స్టెయిన్‌లెస్ బ్రష్షు, వెడల్పాటి పళ్ళున్న కార్బైడ్ బర్రు (తిరుగుతూ లోహాన్ని చెక్కే బిట్టు), లోహం కోసే పదునైన ఉలి, డై పెనెట్రెంట్ సెట్టు (పగుల్లోకి దిగే ఎర్ర రంగు, దాన్ని పైకి చూపించే తెల్లటి డెవలపర్), డ్రిల్లు. స్పూల్ గన్‌తో మిగ్ వెల్డింగ్ (ఫిల్లర్ తీగ గన్‌లోంచి తనంతట వచ్చే రకం) చేసేవాళ్ళున్నారు, పొడుగాటి కొత్త అతుకులకి అది మంచిదే. పగులు మరమ్మత్తుకి మాత్రం టిగ్గే. కరిగే గుంట కళ్ళెదురుగా ఉంటుంది, లోపల ఏదైనా మురికి ఉంటే అక్కడే పైకి తేలి కనిపిస్తుంది.

4043 రాడ్డు చేతిలో ఉందని వాడేయకండి. అది సిలికాన్ రాడ్డు. పడవలకి వాడే 5083, 5086 రకం అల్యూమినియం ప్లేట్లలో మెగ్నీషియం దాదాపు 4 శాతం ఉంటుంది. ఆ రెండూ కలిస్తే అతుకు పెళుసుబారుతుంది. ఇక బ్లోటార్చ్‌తో కరిగించి పూసే రాడ్లు, ఎపాక్సీ ముద్దలు, రివెట్లు కొట్టిన పట్టీలు. ఇవన్నీ పగులుని దాచేవే గాని అతికేవి కావు. నీళ్ళ బకెట్టుకి సరిపోతాయి.

పడవని సిద్ధం చేయడం

మోటారు దింపండి. బ్యాటరీ తీగలు విప్పండి, ఎలక్ట్రానిక్స్ ఏవైనా ఉంటే వాటి కనెక్షన్లూ తీసేయండి. ఇంధనం ట్యాంకు పడవలోంచి బయటికి రావాలి, ఖాళీ చేసి అక్కడే ఉంచితే కుదరదు. ట్రాన్సమ్ వెనక ప్లైవుడ్, ఫోమ్ ఉంటే వేడి తగిలే మేరంతా తీసేయండి, ఫోమ్ కాలితే వచ్చే పొగ విషం. ప్లైవుడ్ తడిసి నల్లబడి ఉంటే పగులుకి సగం కారణం దొరికినట్టే, దాన్ని తిరిగి పెట్టకండి. ఉప్పునీటి పడవయితే మంచినీళ్ళతో బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వండి.

పగులు కొస పట్టుకోవడం

పనంతా ఇక్కడే ఉంది. పగులు కంటికి కనిపించే దానికంటే ఎప్పుడూ పొడుగే. కొస దగ్గర వెంట్రుక కంటే సన్నగా ఉంటుంది, గ్రైండర్ పెడితే మెత్తని లోహం దానిమీద పూసుకుపోయి అసలు లేనట్టే మాయమవుతుంది. అందుకే మొదటి పనిగా గ్రైండర్ ముట్టకండి. రంగుని కెమికల్ రిమూవర్‌తో తీసి, అసిటోన్‌తో తుడిచి, ఎర్ర పెనెట్రెంట్ పూయండి. డబ్బా మీద రాసినంత సేపు ఆగండి, తొందరపడొద్దు. తర్వాత పైపైన ఉన్నది గుడ్డతో తుడవండి. సాల్వెంట్ నేరుగా ప్లేటు మీద పోయకండి, పగుల్లోకి దిగిన ఎరుపు కూడా కడుక్కుపోతుంది. పైన తెల్లటి డెవలపర్ కొట్టి కొన్ని నిమిషాలు చూడండి. తెలుపు మీద ఎర్రగీత మెల్లగా ఊరుతుంది. ఆ గీత ఆగిన చోట మార్కర్‌తో గుర్తు పెట్టి, లోపలివైపు నుంచీ ఇదే పరీక్ష చేయండి. రెండువైపులా కొసలు ఒకేచోట ఉండవు. ఏ వైపు ఎక్కువ దూరం పోయిందో అదే లెక్క.

ఆ గుర్తుకి ఇంకో 5 మి.మీ. అవతల, పగులు పోతున్న దారిలోనే, 5 మి.మీ. రంధ్రం వేయండి. 3 మి.మీ. చాలంటారు కొందరు, నేనొప్పుకోను. గుర్తు రవ్వంత తప్పితే చిన్న రంధ్రం పక్కనుంచే పగులు జారిపోతుంది. రంధ్రం వేశాక దాని లోపలి అంచుకీ పెనెట్రెంట్ పూసి చూడండి. అవతలి వైపు ఎర్రచుక్క కనిపిస్తే పగులు రంధ్రం దాటినట్టే. మళ్ళీ ముందుకెళ్ళి ఇంకో రంధ్రం.

ఇప్పుడు బర్రుతో పగులు పొడవునా వీ ఆకారంలో గాడి తీయండి. రెండు అంచుల మధ్య కోణం 60 నుంచి 90 డిగ్రీలు. మామూలు గ్రైండింగ్ రాయి వాడొద్దు, దాని జిగురూ పొడీ లోహంలో కూరుకుపోతాయి. గాడి అడుగున పగులు మిగిలిందో లేదో చూడ్డానికి ఉలిని మించిన సాధనం లేదు. గాడి అడుగున ఉలితో సన్నని లోహపు పేలిక లేపండి. మంచి లోహమైతే మెరుస్తూ ఒకటిగా చుట్టుకుంటూ వస్తుంది. పగులు ఇంకా ఉంటే పేలిక మధ్యలోంచి రెండుగా చీలిపోతుంది. చీలడం మానేదాకా దిగండి. ప్లేటు మందమంతా దిగాల్సొస్తే దిగండి, "చాల్లే, ఇంకొంచెమేగా" అని ఆపొద్దు. అడుగున మిగిలిన ఆ కొంచెమే వెల్డింగ్ చల్లారేటప్పుడు నోరు తెరుస్తుంది. చివరిగా ఇంకోసారి పెనెట్రెంట్. ఒక్క ఎర్రచుక్క కూడా కనబడకూడదు.

శుభ్రం, వెల్డింగ్

ముందు అసిటోన్, తర్వాతే బ్రష్షు. తిరగేసి చేస్తే జిడ్డుని లోహంలోకి రుద్దినట్టవుతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్లు ఆ దరిదాపుల్లో ఉండకూడదు, ఆర్క్ వెలుగుకి వాటి ఆవిరి ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువుగా మారుతుంది. అసిటోన్ కూడా మండేదే, పూర్తిగా ఆరాకే ఆర్క్ కొట్టండి. బ్రష్షుతో గీయడం ఎందుకంటే, అల్యూమినియం దాదాపు 660 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది, పైనున్న ఆక్సైడ్ పొరకి 2,000 డిగ్రీలు దాటాలి. తడి ఉంటే హీట్‌గన్‌తో ఆరబెట్టండి గాని చేయి ఆన్చలేనంత వేడి చేయకండి. ఎక్కువ మెగ్నీషియం ఉన్న ప్లేట్లని 65 డిగ్రీల పైన చాలాసేపు ఉంచితే తుప్పుని తట్టుకునే గుణం పాడవుతుంది.

పగులు అంచుదాకా వచ్చి ఉంటే లోపలి కొస నుంచి అంచువైపు వెల్డ్ చేసుకురండి. అంచు దగ్గర ఒక చిన్న తునక ప్లేటు తగిలించి, వెల్డింగ్‌ని దానిమీదికి నడిపించి ఆపి, తర్వాత కోసేయండి. ఆర్క్ ఆపిన చోట పడే గుంటలో నక్షత్రంలా చిన్న పగులు వస్తుంది, అది ఆ తునకతోపాటే పోతుంది. రెండు కొసలూ ప్లేటు మధ్యలోనే ఉంటే ఆపేటప్పుడు టిగ్ మెషీను కాలి పెడల్ నెమ్మదిగా వదులుతూ గుంట నింపండి. ఒకవైపు అయ్యాక రెండో వైపు నుంచి మంచి లోహం తగిలేదాకా గాడి తీసి అటూ నింపండి.

బలం, పరీక్ష

పగులు మూలలో మొదలైందా? ఆ మూలని గుండ్రంగా తిప్పి నునుపు చేయండి. బ్రాకెట్ చివర మొదలైందా? బ్రాకెట్‌ని ట్రాన్సమ్ నుంచి పడవ అడుగునున్న దూలాల దాకా పొడిగించండి. బోల్టు రంధ్రం దగ్గరైతే లోపల ఒక ప్లేటు కావాలి. దాని మూలలు గుండ్రంగా ఉండాలి, దాని అంచు పాత వెల్డింగ్ గీత మీద పడకూడదు. మొత్తం ట్రాన్సమ్‌కి ఇంత మందం ప్లేటు తొడిగేస్తే సరి అనుకుంటారు కొందరు. ఆ ప్లేటు అంచే కొత్త పగులుకి చోటు.

లీకు చూడ్డానికి లోపలివైపు సుద్ద నీళ్ళు పూసి ఆరనిచ్చి, బయటి నుంచి కిరోసిన్ రాయండి. రంధ్రముంటే సుద్దమీద మరక పడుతుంది. మళ్ళీ వెల్డ్ చేయాల్సొస్తే ఆ కిరోసిన్ మొత్తం తుడవడం మర్చిపోకండి.

మోటారు బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ బోల్టులు అల్యూమినియంని నేరుగా తాకకుండా మెరైన్ సీలెంట్, ప్లాస్టిక్ బుష్షులు వేయండి. రంగు మాత్రం అప్పుడే వద్దు. కొన్నాళ్ళు తిప్పి, పాత కొసల దగ్గర ఇంకోసారి పెనెట్రెంట్ కొట్టి, తెలుపు తెల్లగానే ఉంటే అప్పుడు వేసుకోండి.