నేలసంపంగి సాగు – 4వ పాఠం: యూరియా ఎంత, ఎప్పుడు?

పోయిన పాఠంలో చదరపు మీటరు మడిలో 20 సెంటీమీటర్ల ఎడంతో 25 దుంపలు నాటుకున్నాం. మొలకలు వేలెడెత్తు లేచి ఉంటాయి. యూరియా సంచి మీదికి చెయ్యి పోయేది ఇప్పుడే. కాస్త ఆగండి. ఇన్నాళ్లూ మొలక తిన్నది దుంపలో దాచుకున్న తిండే. వేళ్లు పట్టకముందు వేసిన యూరియా చాలావరకు నీళ్లతో కిందికి దిగిపోతుంది. అందుకే మొదటి విడత నాటిన నెలకు.

లెక్క చూద్దాం. హెక్టారుకు నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి 200 కిలోల చొప్పున అనేది నేలసంపంగికి, అంటే లిల్లీకి, వాడుకలో ఉన్న మోతాదు. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు కనుక మన మడికి 20 గ్రాములేసి. యూరియాలో నత్రజని 46 శాతమే. 20ని 46తో భాగించి 100తో గుణిస్తే 43 గ్రాముల పైచిలుకు. ఇదే పద్ధతిలో 16 శాతం భాస్వరమున్న సూపర్ ఫాస్ఫేట్ 125 గ్రాములు, 60 శాతపు పొటాష్ 33 గ్రాములు. ఈ రెండూ నాటేటప్పుడే మాగిన పశువుల ఎరువుతో వేసేశాం. యూరియాను మూడు భాగాలు చేసి 30, 60, 90 రోజులకు వేయండి. విడతకు మడి మొత్తానికి 14, 15 గ్రాములు. అంటే దుంపకు అర గ్రాము పైన, చిన్న చిటికెడు! దుంపకు రెండంగుళాల దూరంలో గాడి తీసి, వేసి, మట్టి కప్పి తడివ్వండి.

మా పెరట్లో ఒక ఏడు ఈ చిటికెడు నాకు మరీ తక్కువనిపించి గుప్పెళ్లతో వేశాను. ఆకులు నల్లగా నిగనిగలాడుతూ మోకాలెత్తు పెరిగాయి, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పూకాడలు మాత్రం పక్క మడికన్నా ఆలస్యంగా, తక్కువగా వచ్చాయి. వచ్చినవీ మొగ్గల బరువుకే వంగి, కింది పూలు మట్టికి తగిలి మచ్చపడ్డాయి. తవ్వితే కొన్ని దుంపలు నొక్కితే దిగిపోయేంత మెత్తగా ఉన్నాయి. నత్రజని మితిమీరితే మొక్క బలమంతా ఆకుకే పోతుంది.

అలాగని పస్తు పెట్టకూడదు. కింది ఆకులు పసుపెక్కుతాయి, కాడ పొట్టిబడుతుంది. పూలయ్యాక దుంపను నింపేవి ఆ ఆకులే కనుక వచ్చే ఏటి పూలకూ దెబ్బే.

ఈ వారం పని: మడిని మూడు భాగాలు చేయండి. మొదటిదానికి యూరియా వద్దు, రెండోదానికి మన లెక్క ప్రకారం దుంపకు చిన్న చిటికెడు, మూడోదానికి దానికి రెట్టింపు. తక్కినవన్నీ ఒకేలా ఉండాలి, నీళ్లతో సహా. మొదటి పూకాడ కనిపించిన తేదీ, కాడ పొడవు, కాడకు ఎన్ని పూలు — ఈ మూడూ పుస్తకంలో రాసుకుంటూ రండి. 5వ పాఠానికి ఆ పుస్తకమే కావాలి.